దమ్ పట్టమని ఎన్నాళ్లు చెప్తారు?

ముందు మా మామూ నడక గురించి చెప్తాను.

పండక్కి మా ఇంటికొచ్చేవాడు. బస్సు దిగి మా గల్లీ దాకా నడిస్తే పావుగంట కూడా పట్టదు. ఆయనకు మాత్రం ముప్పావుగంట పట్టేది. సోడా బండి దగ్గర ఒకసారి, సైకిల్ షాపు దగ్గర ఒకసారి, మసీదు మలుపులో ఇంకోసారి ఆగేవాడు. "క్యా భాయ్, ఖైరియత్?" అంటూ ఎవరో ఒకరిని పలకరించి నిలబడేవాడు. "మీ మామూకు బాతాఖానీ పిచ్చి" అని మా అమ్మీ నవ్వేది. మేమూ నవ్వేవాళ్లం. ఆయన ఆగేది మాటల కోసం కాదు, ఊపిరి కోసమని మాకు అర్థమయ్యేసరికి ఆయన ఖబరస్తాన్ చేరిపోయాడు. ఇప్పుడు గుర్తుచేసుకుంటే ఒక సంగతి తడుతుంది. పలకరించేది ఆయనే. కానీ ఆ తర్వాత మాట్లాడేదంతా అవతలి మనిషే. మామూ తలూపుతూ నిలబడేవాడు. ఒక ప్రశ్న అడిగితే రెండు నిమిషాలు ఊపిరి పీల్చుకునే మొహ్లత్ దొరికేది.

ఇరవై ఎనిమిదేళ్లు బొగ్గు బాయిలో పనిచేశాడు. తట్టా చెమ్మస్‌తో టబ్బులు నింపిన కోల్ ఫిల్లర్. చివరి పదేళ్లు డ్రిల్లు దగ్గర. ఏ ఊరు, ఏ బాయి అన్నది పక్కన పెడదాం. బొగ్గు తవ్వే ఏ ఊరికి పోయినా ఇలాంటి మామూ ఒకడు ఏదో ఒక వాకిట్లో మంచం మీద కూర్చునే ఉంటాడు. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి రాత్రంతా కూర్చునే ఉంటాడు.

ఉర్దూలో 'దమ్' అంటే ఊపిరి. ఆ ఊపిరి ఆడకపోతే 'దమా'. చనిపోతే 'దమ్ తోడ్ దియా' అంటాం, అంటే ఊపిరి తెంచుకున్నాడని. ఆ మాటే తెలుగులోకొచ్చి 'దమ్ము' అయింది, అర్థం ధైర్యంగా మారింది. మా మామూను బస్తీలో అందరూ దమ్మున్న మనిషి అనేవారు. పైకప్పు కింద నిలబడి బొగ్గు తవ్వడానికి దమ్ము కావాలి మరి. ఆ దమ్ము చూపించిన చోటే ఆయన దమ్ పోయింది. ఈ సంగతి ఏ కాగితం మీదా రాసి లేదు. నేను ఈ వ్యాసం రాస్తున్నది అందుకే.

రెండు రకాల మౌత్

బొగ్గు గనిలో మౌత్ రెండు రకాలు. ఒకటి చప్పుడు చేస్తూ వస్తుంది. పైకప్పు కూలుతుంది, గ్యాస్ పేలుతుంది, నీళ్లు చొచ్చుకొస్తాయి. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. 1975 డిసెంబరులో ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలో నీళ్లు 370 మందికి పైగా కార్మికుల్ని మింగాయి. ఆ పేర్లు, ఆ తేదీలు మనకు గుర్తున్నాయి. స్తూపాలు కట్టుకున్నాం. ఎంక్వైరీలు జరిగాయి. చేసిన ఇన్సాఫ్ సరిపోయిందా అన్నది వేరే చర్చ. కనీసం లెక్క అయితే తేలింది.

రెండో మౌత్‌కు చప్పుడు ఉండదు. అది ఇరవై ఏళ్లు మెల్లగా నడిచొస్తుంది. బాయిలో కాదు, ఇంట్లో చంపుతుంది. డ్యూటీలో కాదు, రిటైరయ్యాక చంపుతుంది. దానికి తేదీ లేదు, స్తూపం లేదు, ఎంక్వైరీ లేదు. సర్టిఫికెట్‌లో 'గుండె ఆగింది' అనో 'శ్వాస ఆడలేదు' అనో రాస్తారు. ఎవరి గుండె అయినా చివరికి ఆగేదే కదా. ఎందుకు ఆగిందన్నదే సవాల్.

ఎల్లందు దగ్గర బొగ్గు ఉందని జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ 1871లో కనుగొన్నాడు. 1889 నుంచి తవ్వకం మొదలైంది. నిజాం జమానాలో మొదలైన ఆ పని ఈరోజు కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని, భూపాలపల్లి, మణుగూరు దాకా పాకింది. ఇంతకాలంలో ఎన్ని టన్నులు తవ్వారో లెక్కుంది. ఎంత లాభం వచ్చిందో, దసరాకు ఎంత వాటా పంచారో లెక్కుంది. ఎన్ని జతల ఊపిరితిత్తులు నల్లబడ్డాయో ఆ లెక్క కూడా జనం ముందు అంత స్పష్టంగా ఉండాలి కదా? నా వాదన అంతా ఈ ఒక్క హిసాబ్ గురించే.

ధూళి ఏం చేస్తుంది

జబ్బు పేరు న్యూమోకోనియోసిస్. పలకడం కష్టం. అందుకే మన జబాన్ మీదకు రాలేదు. ఇంగ్లీషు దేశాల కార్మికులు సీదాగా 'బ్లాక్ లంగ్' అన్నారు. నల్ల ఊపిరితిత్తి.

కంటికి కనిపించే బొగ్గు పొడి పెద్ద దుష్మన్ కాదు. అది ముక్కులో, గొంతులో ఆగిపోతుంది, నల్లటి కఫంగా బయటికొస్తుంది. కంటికి కనిపించనంత సన్నటి ధూళి ఉంటుంది, అది నేరుగా ఊపిరితిత్తుల చివర ఉన్న గాలి సంచుల దాకా పోతుంది. అక్కడ కాపలా కణాలు దాన్ని మింగుతాయి కానీ అరిగించుకోలేవు. ఏళ్ల తరబడి ఇలా పేరుకుంటే ఊపిరితిత్తిలో మచ్చలు కడతాయి. మెత్తగా స్పంజిలా సాగాల్సినది గట్టిపడుతుంది. కొందరిలో ఆ మచ్చలు కలిసిపోయి పెద్ద గడ్డలవుతాయి. ఆ దశ వచ్చాక వెనక్కి తిప్పే దవా లేదు. ఆయాసం తగ్గించే ఇలాజ్ ఉంది, ఆక్సిజన్ ఉంది. పోయిన ఊపిరితిత్తిని తిరిగి తెచ్చేది లేదు.

ఇందులో రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి.

మొదటిది, బొగ్గు గనిలో ఉండేది బొగ్గు ఒక్కటే కాదు. గోదావరి లోయలో బొగ్గు పొరల పైనా మధ్యా ఇసుకరాయి ఉంటుంది. ఆ రాయిని డ్రిల్లు చేసినప్పుడు, పేల్చినప్పుడు సిలికా ధూళి లేస్తుంది. సిలికా బొగ్గు కన్నా ఎక్కువ జాలిమ్. అది ఉన్న చోట జబ్బు తొందరగా వస్తుంది, తొందరగా ముదురుతుంది. సిలికా పట్టిన ఊపిరితిత్తికి టీబీ అంటుకోవడం కూడా తేలిక.

రెండోది, పని మానేసినా జబ్బు ఆగకపోవచ్చు. రిటైర్మెంటు రోజున దండ వేస్తారు, శాలువా కప్పుతారు, ఫోటో దిగుతారు. మనిషి రిటైరవుతాడు. లోపలి ధూళి రిటైర్ కాదు. మా మామూ బాయి దిగడం మానేసిన ఆరేళ్లకు మెట్లెక్కడం మానేశాడు.

టీబీ, బీడీ – రెండు బహానాలు

మామూ రెండుసార్లు టీబీ మందుల కోర్సు వాడాడు. రెండుసార్లూ కఫం పరీక్షలో టీబీ క్రిమి దొరకలేదు. ఎక్స్‌రేలో మచ్చలున్నాయి కాబట్టి వాడమన్నారు. ఆయన వాడాడు. ఒంట్లో ఉన్న కాస్త బలమూ పోయింది. ఇంకో డాక్టరు సారు ఎక్స్‌రే కిటికీ వెలుతురులో పట్టుకుని చూసి "బీడీలు ఎన్ని తాగుతావ్?" అని అడిగాడు. మామూ తల దించుకున్నాడు. తాగేవాడు, అబద్ధం ఎందుకు? ఆ సవాల్ తర్వాత ఇంకో సవాల్ రాలేదు. "ఏం పని చేసేవాడివి? ఎన్నేళ్లు? ఏ చోట?" అని ఎవరూ అడగలేదు. ఇంట్లోవాళ్లం మేమూ చెప్పలేదు. చెప్పాలని మాకూ తెలియదు. ఖుసూర్ మాదీ ఉంది.

ఈ బీడీ మాటను తేల్చుకోవాలి, ఎందుకంటే ప్రతి కార్మికుడి నోరు మూయించేది ఇదే. పొగ తాగడం ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది, అందులో షక్ లేదు. దగ్గు, ఆయాసం బీడీ వల్లా వస్తాయి, ధూళి వల్లా వస్తాయి. రెండూ కలిస్తే నష్టం ఇంకా ఎక్కువ. కానీ ఎక్స్‌రేలో కనిపించే న్యూమోకోనియోసిస్ మచ్చలు బీడీతో రావు. బొగ్గు ధూళి, సిలికా ధూళి పీల్చకుండా ఆ మచ్చలు కట్టవు. బీడీ కొన్నది వాడి జేబులోని పైసలతో కావచ్చు. ధూళి మాత్రం వాడు కొనుక్కున్నది కాదు, నౌకరీతో పాటు ఇచ్చినది. ఇంటికి ఇద్దరు దొంగలు పడితే ఒకడిని పట్టుకుని రెండోవాణ్ణి రిహా చేస్తామా?

'మా దగ్గర లేదు' అన్నవాళ్ల కథ

"ఇది పాతకాలం జబ్బు. ఇప్పుడు యంత్రాలొచ్చాయి, నీళ్లు చల్లుతున్నారు, కేసులు ఎక్కడున్నాయి?" అని అడిగేవాళ్లు ఉంటారు. వాళ్లకు ఆస్ట్రేలియా వాకియా చెప్పాలి.

ఆ దేశంలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం బొగ్గుకు మశ్‌హూర్. మనకన్నా డబ్బున్న చోటు, మనకన్నా పెద్ద యంత్రాలు. కార్మికులకు క్రమం తప్పకుండా ఎక్స్‌రేలు తీసే పథకం కూడా ఉంది. సుమారు ముప్పై ఏళ్లు అక్కడ కొత్తగా ఒక్క బ్లాక్ లంగ్ కేసు కూడా బయటపడలేదు. జబ్బు ఖతమ్ అయిందని అందరూ నమ్మారు. 2015లో కొందరు గని కార్మికుల్లో అది మళ్లీ కనిపించింది. పాత ఎక్స్‌రేలను శిక్షణ ఉన్న కళ్లతో మళ్లీ చూపిస్తే, 'బాగుంది' అని పక్కన పెట్టినవాటిలో జబ్బు ఉంది. రాష్ట్ర పార్లమెంటు కమిటీ విచారణ చేసి 2017లో నివేదిక ఇచ్చింది. దాని పేరు 'బ్లాక్ లంగ్, వైట్ లైస్'. నల్ల ఊపిరితిత్తి, తెల్ల అబద్ధాలు.

అక్కడ జబ్బు ఎక్కడికీ పోలేదు. దాన్ని చూసే నజర్ పోయింది. ఎక్స్‌రే తీయడం వేరు, చదవడం వేరు. న్యూమోకోనియోసిస్‌ను గుర్తించడానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణ ఎక్స్‌రేల సెట్టు తయారుచేసింది. కార్మికుడి ఫిల్మును దాని పక్కన పెట్టి, ఒకరికి తెలియకుండా ఇంకొకరు చదివి పోల్చాలి. కిటికీ వెలుతురులో పట్టుకుని చూస్తే అది కనబడదు. తొలిదశ అయితే అసలే కనబడదు.

యంత్రాల సంగతి కూడా చూద్దాం. యంత్రం చెమట తగ్గించింది, నిజమే. ధూళిని మాత్రం తనంతట తాను తగ్గించదు. వేగంగా కోసే యంత్రం సన్నటి ధూళిని ఎక్కువ లేపుతుంది, నీళ్లూ గాలీ సరిగా లేకపోతే. అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు నైరుతి మూలన మూడు క్లినిక్‌లలో 2013 నుంచి 2017 తొలి నెలల దాకా, జబ్బు ముదిరి గడ్డలు కట్టిన దశలో ఉన్నవాళ్లు 416 మంది దొరికారు. మూడు క్లినిక్‌లలోనే. అది యంత్రాల కాలమే. మంచి బొగ్గు పొరలు అయిపోయి, సన్న పొరల కోసం రాయిని కూడా కలిపి కోయడంతో సిలికా పెరగడం అందుకు ఒక ముఖ్య కారణమని అక్కడి నిపుణుల మాట.

"మాది ఓపెన్‌కాస్ట్ కదా, ఆకాశం కింద పని కదా" అనేవాళ్లూ ఉన్నారు. సింగరేణిలో ఇప్పుడు ఎక్కువ బొగ్గు ఓపెన్‌కాస్ట్ నుంచే వస్తుంది. 2010–11లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఓపెన్‌కాస్ట్ కార్మికులకు ఎక్స్‌రేలు తీసింది. జీవితంలో ఎన్నడూ భూగర్భంలో దిగనివాళ్లలో కూడా ఈ జబ్బు దొరికింది, ముదిరిన దశతో సహా. డ్రిల్లు రాతిలో దిగుతుంటే పైన ఆకాశం ఉన్నా ముక్కు దగ్గర ఉండేది ధూళే.

సబూత్ బరువు ఎవరి మీద

ఇక అసలు జగ్డా దగ్గరికొద్దాం. ఊపిరాడని మనిషి దావా వేస్తే సబూత్ ఎవరు తేవాలి?

1968 నవంబరులో వెస్ట్ వర్జీనియాలోని ఫార్మింగ్‌టన్ గని పేలి 78 మంది చనిపోయారు. ఆ గుస్సా చల్లారకముందే బఫ్, రాస్ముసెన్, వెల్స్ అనే ముగ్గురు డాక్టర్లు బొగ్గు ఊళ్లు తిరిగి, పేలుడు కన్నా ధూళి ఎక్కువ మందిని చంపుతోందని కార్మికులకు అర్థమయ్యే జబాన్‌లో చెప్పారు. 1969 ఫిబ్రవరిలో సుమారు 40 వేల మంది బాయి దిగడం మానేశారు. వాళ్లు అడిగింది జీతం పెంపు కాదు. ఊపిరితిత్తుల జబ్బుకు పరిహారం ఇచ్చే కానూన్. అదే ఏడాది చివర దేశం మొత్తానికి చట్టం వచ్చింది. 1972లో దానికి ఒక ఊహను చేర్చారు: పదిహేనేళ్లు భూగర్భ గనిలో పనిచేసి, పని చేయలేనంతగా ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాడికి ఉన్నది గని జబ్బేనని అనుకోవాలి. కాదు అనుకుంటే, కాదని సబూత్ తేవాల్సింది యజమాని. 1980లలో ఆ నియమాన్ని కొత్త దావాలకు తీసేశారు, 2010లో మళ్లీ తెచ్చారు. డబ్బు ఎక్కడిదంటారా? బొగ్గు టన్ను మీద పన్ను వేసి ఒక నిధి పెట్టారు.

నాకు అమెరికా మీద మొహబ్బత్ లేదు. అక్కడ కూడా కంపెనీల వకీళ్లు ముసలి కార్మికుల్ని ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిప్పారు. కానీ ఆ ఒక్క నియమం వెనక ఇన్సాఫ్ ఉంది. ధూళి కొలిచే యంత్రం యజమాని దగ్గరుంటుంది. ఎక్స్‌రేలు యజమాని దవాఖానాలో ఉంటాయి. ఎవడు ఎన్ని మస్టర్లు ఎక్కడ చేశాడో ఆ రిజిస్టర్ యజమాని బీరువాలో ఉంటుంది. కార్మికుడి దగ్గర ఉన్నది దగ్గు ఒక్కటే. కాగితాలన్నీ ఒకరి దగ్గర పెట్టి, సబూత్ రెండోవాణ్ణి అడగడం ఎక్కడి న్యాయం?

మన దగ్గర కానూన్ లేదని నేననను. 1923 నాటి పరిహార చట్టం మూడో షెడ్యూల్లో ధూళి వల్ల వచ్చే న్యూమోకోనియోసిస్ ఉండేది. 1952 గనుల చట్టం ఇలాంటి జబ్బులు బయటపడితే అధికారులకు తెలియజేయాలంది. 1955 నిబంధనల కింద చేరేటప్పుడూ, తర్వాత నిర్ణీత కాలానికోసారీ వైద్య పరీక్ష పెట్టారు. 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమంది. ఆ కార్మికుల ఆరోగ్య రికార్డును చేరిననాటి నుంచి 40 ఏళ్లు లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రంగా ఉంచాలంది. ధూళి జబ్బు రిటైర్మెంటు తర్వాత కూడా వస్తుందని దేశపు అత్యున్నత అదాలత్‌కు అర్థమైంది. బొగ్గు కార్మికుడి ఊపిరితిత్తి వేరే మట్టితో చేసింది కాదు కదా?

మన కానూన్‌లో పెద్ద సందు ఇదే. పరీక్ష అంతా నౌకరీ ఉన్నన్నాళ్లే. జబ్బు మాత్రం నౌకరీ పోయాక.

మెడికల్ అన్‌ఫిట్ అనే ముడి

ఇక్కడ మనవాళ్లకు నచ్చని మాట ఒకటి చెప్పాలి.

మన బొగ్గు పట్టణాల్లో 'మెడికల్ అన్‌ఫిట్' అన్న మాట తెలియని ఇల్లు లేదు. పని చేయలేడని మెడికల్ బోర్డు తేలిస్తే, షరతులకు లోబడి వారసుడికి నౌకరీ. కార్మికులు కొట్లాడి సాధించుకున్న హక్కు అది, దాన్ని తక్కువ చేయను. కానీ దానివల్ల ఒక వింత జరిగింది. జబ్బు, నౌకరీ ఒకే తాడుకు ముడిపడ్డాయి. ఆయాసపడే ప్రతి మనిషినీ "కొడుకు నౌకరీ కోసం నాటకం" అని షక్‌తో చూడడం మొదలైంది. ఇటువైపు ఇళ్లలో కూడా అన్‌ఫిట్ అయ్యాడా లేదా అన్నదే ఖబర్ అయింది. ఊపిరితిత్తిలో అసలు ఏముంది, ఏ దశలో ఉంది అన్నది ఎవరికీ పట్టలేదు. నౌకరీ వచ్చిన ఇంట్లో మిఠాయి పంచారు. అదే ఇంట్లో మూల గదిలో తండ్రి దగ్గుతూనే ఉన్నాడు.

అందుకే ఈ రెండింటినీ విడదీయాలంటాను. జబ్బు నిర్ధారణ జబ్బు కోసమే జరగాలి. దాని మీద నౌకరీ నీడ పడకూడదు. కంపెనీతో గానీ యూనియన్‌తో గానీ తాల్లుక్ లేని డాక్టర్లు ఎక్స్‌రే చదవాలి. రిపోర్టు కాపీ కార్మికుడి చేతికి రావాలి, వాడికి చదవడానికొచ్చే భాషలో.

కాంట్రాక్టు కార్మికుల పరిస్థితి ఇంకా నాజూకు. ఓవర్‌బర్డెన్ తీసేది, లారీలు నడిపేది, కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటులో ఊడ్చేది ఎక్కువగా వాళ్లే. ఈ ఏడు ఒక కాంట్రాక్టరు, పై ఏడు ఇంకొకడు. పదేళ్ల తర్వాత జబ్బు బయటపడితే ఏ తలుపు తట్టాలి? 2024లో సింగరేణి లాభాల్లో కాంట్రాక్టు కార్మికులకు కూడా తొలిసారి 5,000 రూపాయల చొప్పున ఇచ్చారు. మంచి పని. లాభంలో వాళ్లు మనవాళ్లే అని ఒప్పుకున్నాక, ధూళిలో పరాయివాళ్లు ఎలా అవుతారు?

మనం అడగాల్సింది

ఖర్చు గురించి అంటారు. దావాలు కుప్పలుగా వస్తాయంటారు. రావచ్చు. బ్రిటన్‌లో 1998లో కోర్టు బొగ్గు కంపెనీదే తప్పని తేల్చాక ఐదు లక్షలకు పైగా దావాలొచ్చాయి. దాని మతలబ్ కార్మికులందరూ దగాకోరులని కాదు. అన్నేళ్ల పాటు ఎన్ని దగ్గుల్ని దుప్పట్ల కింద దాచారో ఆ రోజు తెలిసింది. ఇన్సాఫ్‌ను ఆలస్యం చేస్తే బిల్లు పెరుగుతుంది. అంతే.

దూరం పోనక్కర్లేదు. రాజస్థాన్ ప్రభుత్వం రాతి గనుల కార్మికుల కోసం 2019లో న్యూమోకోనియోసిస్ పాలసీ తెచ్చింది. జబ్బు ఉందని తేలితే 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి 2 లక్షలు, పైన పెన్షన్. యజమాని ఎవరో తేలకపోయినా మనిషిని వదిలెయ్యకూడదన్న సోచ్ దాని వెనక ఉంది. అమలులో ఎన్ని లోపాలున్నా దారి అది.

నేను అడిగేవి నాలుగు. ఒకటి, బొగ్గు గనిలో పదేళ్లు పనిచేసిన ప్రతి మనిషికీ, పర్మినెంటైనా కాంట్రాక్టైనా, పని మానేశాక కూడా బతికున్నంతకాలం రెండుమూడేళ్లకోసారి ఉచితంగా ఛాతీ ఎక్స్‌రే, ఊది చూసే పరీక్ష. రెండు, ఆ ఎక్స్‌రేలు చదవడానికి అంతర్జాతీయ పద్ధతిలో శిక్షణ పొందిన డాక్టర్లు, ఒక్కరు కాదు, ఇద్దరు. మూడు, ఇన్నేళ్ల పని ఉండి ఊపిరితిత్తులు దెబ్బతింటే అది గని జబ్బే అన్న నియమం, కాదని చూపించే భారం యజమాని మీద. నాలుగు, ఏటా ఒక అంకె. ఎంతమందికి పరీక్ష చేశారు, ఎంతమందిలో జబ్బు దొరికింది, ఏ గనిలో, ఏ పనిలో. టన్నుల లెక్క పక్కనే ఆ లెక్క కూడా అచ్చువేయాలి.

వీటన్నిటికన్నా ముందు ధూళి పుట్టకుండా చూడాలి. నీళ్లతో డ్రిల్లు చేయడం, కోసే చోట నీటి జల్లు, గాలి ధారాళంగా ఆడేలా చూడడం. ఇవి కొత్త కనిపెట్టుళ్లు కాదు, తాతల కాలం నుంచి తెలిసినవే. మాస్కు ఆఖరిది. ఎనిమిది గంటలు ఉక్కలో బరువు పని చేసేవాడు మాస్కు ఎంతసేపు పెట్టుకోగలడో పెట్టుకుని చూడండి, తెలుస్తుంది.

ఇది చదువుతున్న మీలో ఎవరి అబ్బా, ఎవరి తాత, ఎవరి మామయ్య బాయిలో పనిచేసి ఉంటే, రేపు డాక్టరు దగ్గరికి తీసుకుపోయినప్పుడు ఆయన అడగకపోయినా మీరే చెప్పండి: "బొగ్గు గనిలో ఇన్నేళ్లు, ఈ పని." పాత ఎక్స్‌రేలు చెత్తలో వేయకండి, పిల్లలకు గ్రహణం చూసుకోమని ఇవ్వకండి. అవి ఆ మనిషి గవాహీ. మస్టర్ కాగితాలు, గుర్తింపు కార్డు, రిటైర్మెంటు ఆర్డరు అన్నీ ఒక సంచిలో పెట్టండి. మా ఇంట్లో అలాంటి సంచి లేదు. మామూ ఎక్స్‌రేలు ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయాయి.

తెలంగాణలో ఓపిక పట్టమనడానికి "జర దమ్ పట్టు" అంటాం. యూనియన్ ఆఫీసులో అదే అంటారు, కంపెనీ ఆఫీసులో అదే అంటారు, ఎలక్షన్లలో వచ్చే లీడరు సాబ్ కూడా అదే అంటాడు. దమ్ ఉన్నవాడికి ఆ మాట చెల్లుతుంది. మసీదు మలుపులో గోడ పట్టుకుని, ఎవరో ఒకరిని ఖైరియత్ అడుగుతూ నిలబడినవాడు దేన్ని పట్టాలి?